ఆరో ఏట, ఆరో పన్ను

పాలపన్ను ఊడిందంటే తెలుగిళ్ళలో చిన్న సంబరమే. ఊడిన పన్నును పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరే ఆచారం కొన్ని ఊళ్ళలో ఇంకా ఉంది. పెంకుటిళ్ళు డాబాలై, డాబాలు అపార్టుమెంట్లయ్యాక విసరడానికి కప్పు దొరకడం లేదు గాని, బోసినవ్వును ఫోటో తీసి అమ్మమ్మకు పంపడం మాత్రం ఎవరూ మానలేదు. అందరి చూపూ ముందు పంటి మీదే. సరిగ్గా ఆ రోజుల్లోనే నోటి చివర, పాల దవడపళ్ళన్నిటికీ వెనక, చిగురును చీల్చుకుని ఒక పెద్ద పన్ను పైకి వస్తుంది. దానికి చోటివ్వడానికి ఏ పాలపన్నూ ఊడదు. నొప్పి పెద్దగా ఉండదు, రక్తం కనిపించదు. కాబట్టి ఆ పన్ను వచ్చిందన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

అది శాశ్వత దవడపన్ను. పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు. జీవితాంతం అన్నం నమిలి పెట్టాల్సినవి ఇవి. శాశ్వత దంతాల్లో అన్నిటికన్నా ముందుగా పుచ్చేవి కూడా చాలాసార్లు ఇవే. ఎనిమిదో ఏటో తొమ్మిదో ఏటో నల్లబడిన ఆ పంటితో పిల్లాణ్ణి డెంటిస్టు దగ్గరికి తీసుకొచ్చిన తల్లి, "పాలపన్నే కదండీ, ఎలాగూ ఊడిపోతుంది" అంటుంది. ఇక ఊడేది కాదని, ఊడితే మళ్ళీ వచ్చేది కాదని చెప్పినప్పుడు ఆ మొహంలో వచ్చే మార్పు పిల్లల దంతవైద్యులందరికీ పరిచయమే.

ఇంతకీ ఆ పన్నే ఎందుకు పుచ్చుతుంది? జవాబు దాని నెత్తి మీదే ఉంది. దవడపన్ను పైభాగం చదునుగా ఉండదు. నాలుగైదు చిన్న గుట్టలు, వాటి మధ్య లోయలు. చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడు ఈ గుట్టలు వేరువేరుగా మొదలై, పెరుగుతూ పెరుగుతూ ఒకదాన్నొకటి ఆనుకుంటాయి. ఆనుకున్న చోట అతుకు ఒక్కోసారి పూర్తిగా పూడదు, సన్నటి చీలికగా మిగిలిపోతుంది. అలాంటి పన్నును నిలువునా కోసి మైక్రోస్కోపు కింద పెడితే ఆశ్చర్యంగా ఉంటుంది. కొన్ని చీలికలు గరాటులా నోరు తెరుచుకుని ఉంటాయి, వాటితో పేచీ లేదు. కొన్నింటికి మాత్రం పైన దారమంత సందు, లోపల సీసా అడుగులా ఉబ్బిన గది. టూత్‌బ్రష్‌లో ఒక్కో పోగు మందం దాదాపు 0.2 మిల్లీమీటర్లు. ఈ సందు అందులో సగం కూడా ఉండకపోవచ్చు. బ్రష్ ఎంత ఖరీదైనదైనా, తల్లి పక్కనే నిలబడి ఎంత ఓపికగా తోమించినా, ఆ పోగు లోపలికి దిగదు. వేపపుల్ల పోగులదీ అదే కథ.

బ్రష్ దిగదు గాని బ్యాక్టీరియా దిగుతుంది. దాని వెనకే క్రీం బిస్కెట్టు పిండీ, చాక్లెట్ పాకమూ దిగుతాయి.

పంట్లో పురుగు ఉండి తొలిచేస్తుందని మనవాళ్ళొక్కరే అనుకోలేదు. బాబిలోనియా మట్టిపలకల మీద పంటిపురుగును వెళ్ళగొట్టే మంత్రం దొరికింది. 18వ శతాబ్దంలో ఫ్రాన్సు దంతవైద్యుడు పియర్ ఫోషార్ తాను ఎంత వెతికినా పురుగు కనిపించలేదని రాసేదాకా చదువుకున్నవాళ్ళు కూడా నమ్మారు. అసలు దోషిని పట్టుకున్నది విల్లోబీ మిల్లర్ అనే అమెరికన్. బెర్లిన్‌లో పనిచేస్తూ, నోట్లోని సూక్ష్మజీవులు పిండిపదార్థాలనూ చక్కెరనూ పులియబెట్టి ఆమ్లం తయారుచేస్తాయనీ, పన్నును కరిగించేది ఆ ఆమ్లమేననీ 1890లో పుస్తకం రాశాడు. 1924లో లండన్‌లో కిలియన్ క్లార్క్ ఆ గుంపులో ముఖ్యమైనదాన్ని వేరుచేసి స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అని పేరు పెట్టాడు.

పంటి పైపొర అయిన ఎనామెల్ మన ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం. బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. అంత గట్టిదీ ఆమ్లానికి లొంగుతుంది. ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే పీహెచ్ కొలత 5.5 దగ్గరికి దిగిందంటే కరగడం మొదలు. తీపి నోట్లో పడిన కొద్ది నిమిషాల్లోనే పాచి కింద పీహెచ్ అంతకన్నా కిందికి పోతుంది. తర్వాత అరగంటో గంటో పట్టి లాలాజలం దాన్ని మళ్ళీ పైకి లాగుతుంది, కరిగిన ఖనిజాన్ని కొంత తిరిగి పంటికే చేరుస్తుంది. ఇది నోట్లో రోజంతా సాగే జమాఖర్చు. పంటి నున్నని గోడల మీద లాలాజలం పారుతూ ఉంటుంది కాబట్టి అక్కడ లెక్క సరిపోతూ ఉంటుంది. చీలిక అడుగుకు లాలాజలం సరిగ్గా చేరదు. అక్కడ ఖర్చే గాని జమ లేదు.

పంటిపుచ్చు మీద 20వ శతాబ్దపు మొదటి పెద్ద దెబ్బ ఫ్లోరైడ్. 1945 జనవరిలో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రం గ్రాండ్ రాపిడ్స్ నగరం తాగునీటిలో కొలత ప్రకారం ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టింది. ప్రపంచంలో అదే మొదటి నగరం. పదకొండేళ్ళు గడిచేసరికి అక్కడ పుట్టి పెరిగిన పిల్లల్లో పుచ్చులు సగానికి పైగా తగ్గాయి. ఆ తర్వాత ఫ్లోరైడ్ టూత్‌పేస్టు వచ్చింది. అయితే తగ్గిన పుచ్చుల్ని లెక్కపెడుతుంటే ఒక సంగతి బయటపడింది. పంటి పక్కగోడల మీది పుచ్చులు బాగా తగ్గాయి, నెత్తి మీది చీలికల్లో పుచ్చులు అంతగా తగ్గలేదు. ఫ్లోరైడ్ ఎనామెల్‌ను గట్టిపరుస్తుంది గాని చీలికను పూడ్చదు కదా. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ చెప్పే లెక్క ప్రకారం ఇప్పుడు పదింట తొమ్మిది పుచ్చులు వెనక దవడపళ్ళలోనే వస్తున్నాయి.

మన దగ్గర ఫ్లోరైడ్ మాట ఎత్తగానే గుర్తొచ్చేది టూత్‌పేస్టు కాదు, నల్గొండ. 1937లో షార్ట్ అనే పరిశోధకుడి బృందం అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో, నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే ఫ్లోరోసిస్‌ను గుర్తించి రాసిన నాటి నుంచి ప్రకాశం, నల్గొండ ప్రాంతాల్లో పసుపు, గోధుమరంగు మచ్చలు పడిన పళ్ళు, వంగిన నడుములు ఎన్ని తరాలు చూశాయో. నీళ్ళలోంచి ఫ్లోరైడ్‌ను తీసేయడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ కనిపెట్టిన పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము దాకా ఫర్వాలేదని, వేరే దారి లేకపోతే 1.5 దాటకూడదని మన ప్రమాణం. ఇంత చేదు అనుభవం ఉన్నచోట ఫ్లోరైడ్ మీద అనుమానం సహజం. అయితే ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊరి పంటికైనా, తక్కువున్న ఊరి పంటికైనా చీలిక చీలికే. దాన్ని మూయాల్సిందే.

మూయాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 19వ శతాబ్దం చివర్లోనే ఒకరిద్దరు దంతవైద్యులు చీలికల్లో సిమెంటు కూరి చూశారు, నిలవలేదు. తర్వాత వెండి నైట్రేట్ పూశారు, పెద్దగా ఫలితం లేదు. అన్నిటికన్నా విచిత్రమైన ఉపాయం 1923లో న్యూయార్క్ దంతవైద్యుడు థాడియస్ హయాట్ ముందుకు తెచ్చాడు. పన్ను ఎలాగూ పుచ్చుతుంది, పుచ్చాక తొలిచి నింపేకన్నా బాగున్నప్పుడే చీలికను కాస్త తొలిచి వెండి మిశ్రమంతో నింపేస్తే గుంట చిన్నదిగా ఉంటుంది కదా అన్నది ఆయన వాదం. దొంగ పడతాడని ముందే తలుపు పగలగొట్టి గోడ కట్టించుకోవడం లాంటిది. అయినా ఆ రోజుల లెక్కలో అది పూర్తిగా తెలివితక్కువ ఆలోచన కాదు. ఆ పళ్ళు దాదాపు అన్నీ పుచ్చేవే మరి. ఆరోగ్యంగా ఉన్న పంటి మీద డ్రిల్లు పెట్టడానికి చాలామందికి చెయ్యి రాలేదు, అంతే.

అడ్డంకి అంతా ఒక్కటే. నోరు ఎప్పుడూ తడి. పన్ను నున్నన. నమిలేటప్పుడు దాని మీద పడే బరువు కిలోల్లో. అక్కడ ఏదైనా అతుక్కుని నిలవడం ఎలా?

జవాబు న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో దొరికింది. కోడక్ కెమెరాల అధిపతి జార్జ్ ఈస్ట్‌మన్ ఉన్న ఊరు అది. పేద పిల్లల పళ్ళ కోసం ఆయన కట్టించిన ఈస్ట్‌మన్ డెంటల్ డిస్పెన్సరీ 1917 నుంచి నడుస్తోంది. తర్వాత లండన్, రోమ్, పారిస్ వంటి నగరాల్లోనూ అలాంటివి కట్టించాడు. రాచెస్టర్ డిస్పెన్సరీలో పరిశోధన చేస్తున్న మైకేల్ బ్యూనోకోర్ కన్ను కర్మాగారాల మీద పడింది. లోహం మీద రంగుగాని రెజిన్ పూతగాని గట్టిగా పట్టాలంటే ముందు ఆ లోహాన్ని ఫాస్ఫారిక్ ఆమ్లంతో కడుగుతారు. అదే పని పంటికి చేస్తే?

ఇల్లు కట్టే మేస్త్రీకి ఈ రహస్యం ఎవరూ చెప్పక్కర్లేదు. నున్నగా పోసిన కాంక్రీటు స్తంభం మీద నేరుగా ప్లాస్టరింగ్ చేస్తే నాలుగేళ్ళలో పెచ్చులూడుతుంది. అందుకే ముందు సుత్తితో గాట్లు పెడతాడు. బ్యూనోకోర్ పంటికి గాట్లు పెట్టాడు. సుత్తికి బదులు ఆమ్లం వాడాడు, ఆ గాట్లు కంటికి కనబడనంత చిన్నవి. 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని 30 సెకన్ల పాటు ఎనామెల్ మీద ఉంచి కడిగి, దాని మీద యాక్రిలిక్ చుక్క పెట్టి చూశాడు. మామూలు పంటి మీద పెట్టిన చుక్కలు గంటల్లోనే ఊడిపోయాయి. ఆమ్లం తగిలిన పంటి మీదివి వారాల తరబడి నిలిచాయి. ఆ ఫలితాన్ని 1955లో ప్రచురిస్తూ, పళ్ళ చీలికలను మూయడానికి ఇది పనికిరావచ్చని కూడా అందులోనే సూచించాడు. పదేళ్ళకు పైగా దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. పంటిని ఆమ్లం నుంచి కాపాడటమే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళను పంటి మీద ఆమ్లం పోయమంటే ఎవరు మాత్రం సంతోషిస్తారు!

లోపల జరిగేది చూస్తే భయం పోతుంది. ఎనామెల్ నిండా సన్నటి కడ్డీలు కట్టలు కట్టినట్టు నిలబడి ఉంటాయి. ఒక్కో కడ్డీ మందం మిల్లీమీటరులో 200వ వంతు. ఆమ్లం తగిలితే కొన్ని చోట్ల కడ్డీల నడిమి భాగం, కొన్ని చోట్ల అంచులు కాస్త కరిగి, తేనెపట్టులా సూక్ష్మరంధ్రాలు ఏర్పడతాయి. పలచటి రెజిన్ ఆ రంధ్రాల్లోకి ఇంకి, అక్కడే గట్టిపడి, వేళ్ళలా పాతుకుంటుంది. జిగురు పట్టు కాదది, వేరు పట్టు. కరిగే ఎనామెల్ మందం మిల్లీమీటరులో వందో వంతు అటూ ఇటూ. రెజిన్ కప్పని చోట ఏమన్నా మిగిలితే లాలాజలంలోని ఖనిజాలు దాన్ని కొద్ది రోజుల్లో సరిచేస్తాయి.

మంచి పట్టు దొరికింది, మంచి పూత ఇంకా దొరకలేదు. అప్పటి యాక్రిలిక్ గట్టిపడేటప్పుడు కుంచించుకుపోయేది, త్వరగా అరిగిపోయేది. ఆ లోటు తీర్చినవాడు రఫాయెల్ బోవెన్. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో పనిచేస్తూ, ఎపాక్సీ రెజిన్ గట్టిదనాన్నీ యాక్రిలిక్ చురుకునూ కలిపిన బిస్-జీఎంఏ అనే పదార్థాన్ని తయారుచేసి 1962లో పేటెంట్ తీసుకున్నాడు. ఈనాటి పంటి రంగు ఫిల్లింగుల్లో చాలావరకు దాని సంతానమే. 1967లో క్వేటో అనే పరిశోధకుడు, బ్యూనోకోర్ కలిసి సైనోయాక్రిలేట్ రకం పూతతో పిల్లల మీద మొదటి పెద్ద ఫలితాలు చూపించారు. అది ఇంట్లో వాడే సూపర్‌గ్లూకు దగ్గరి చుట్టం. ఆ తర్వాత బిస్-జీఎంఏ దాని చోటు తీసుకుంది. మొదట్లో పూతను గట్టిపరచడానికి అతినీలలోహిత దీపం వాడేవారు. ఇప్పుడు కనిపించే నీలి కాంతి చాలు. 1976లో అమెరికా దంతవైద్యుల సంఘం ఈ పద్ధతిని ఆమోదించింది.

చీలికలను మూసే ఈ పూతనే సీలెంట్ అంటారు. దాన్ని వేయించుకోవడం డెంటల్ కుర్చీలో జరిగే పనుల్లోకెల్లా సులువైనది. ఇంజెక్షన్ లేదు, డ్రిల్లు చప్పుడు లేదు. పన్ను మీది పాచిని శుభ్రం చేస్తారు. బుగ్గకూ పంటికీ మధ్య దూది చుట్టలు పెడతారు. 35 నుంచి 37 శాతం ఆమ్లపు జెల్‌ను, సాధారణంగా నీలం రంగుది, చీలికల మీద 15 నుంచి 30 సెకన్లు ఉంచి కడుగుతారు. ఆరబెట్టగానే పన్ను చాక్‌పీస్ రాసినట్టు తెల్లగా పాలిపోయి కనిపించాలి. అప్పుడు పల్చటి రెజిన్‌ను చీలికల వెంట పారనిచ్చి నీలి దీపం చూపిస్తారు. దాదాపు 20 సెకన్లలో గట్టిపడుతుంది. అంచును పరికరంతో లాగి చూసి, పైపన్నూ కిందిపన్నూ కొరికించి చూసి పంపేస్తారు. పంటికి ఐదారు నిమిషాలు. ఇంటికి వెళ్ళి అన్నం తినొచ్చు.

ఇంత సులువైన పనిలో ఒక్కచోట మాత్రం చేయి తిరిగినవాళ్ళు కూడా ఓడిపోతారు. అది ఉమ్మి దగ్గర. ఆమ్లంతో గాట్లు పెట్టి ఆరబెట్టిన పంటికి ఒక్క క్షణం ఉమ్మి తగిలినా చాలు, అందులోని ప్రోటీన్లు సూక్ష్మరంధ్రాల మీద తెరలా పరుచుకుంటాయి. దాని మీద ఎంత మంచి రెజిన్ పూసినా అది తడిగోడ మీద సున్నమే. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, రెండు నెలల్లో ఊడుతుంది. తుడిచేస్తే సరిపోదు, మళ్ళీ ఆమ్లం పెట్టాల్సిందే. ఆరేళ్ళ పిల్లాడి నోరు చిన్నది, నాలుక ఊరుకోదు, దీపం నీలంగా ఎందుకుందని మధ్యలో అడక్కుండా ఉండలేడు. అందుకే ఈ పనికి నాలుగు చేతులు కావాలంటారు. దంతవైద్యుడివి రెండు, ఉమ్మి పీల్చే గొట్టం పట్టుకునే సహాయకురాలివి రెండు. సీలెంట్ ఊడిపోయిందని వచ్చే ఫిర్యాదుల్లో పదార్థం తప్పు తక్కువ, తడి తప్పు ఎక్కువ.

మరి ఇది ఎంతవరకు కాపాడుతుంది? రిచర్డ్ సైమన్సన్ అనే దంతవైద్యుడు 1976 ప్రాంతంలో పిల్లలకు ఒకేఒక్కసారి తెల్ల సీలెంట్ వేసి వదిలేశాడు. మళ్ళీ పూయలేదు, మరమ్మతు చేయలేదు. పదిహేనేళ్ళ తర్వాత వాళ్ళను వెతికి పట్టుకుని నోరు తెరిపించి చూశాడు. సీలెంట్ చెక్కుచెదరకుండా ఉన్నవి 27.6 శాతం. మరికొన్ని సగం సగం. అయినా వాళ్ళలో పుచ్చినవి లేదా నింపాల్సివచ్చినవి 31.3 శాతమే. అదే వయసు, అదే ప్రాంతపు పిల్లల్లో సీలెంట్ వేయని పళ్ళలో అవి 82.8 శాతం. 1991లో ఈ లెక్క అచ్చయింది. అధ్యయనాలన్నిటినీ కలిపి తూచే కాక్రేన్ సమీక్ష అంచనా ఇంకా సూటిగా ఉంటుంది. సీలెంట్ లేకుండా రెండేళ్ళలో నూటికి 40 పళ్ళు పుచ్చే చోట, సీలెంట్ వేస్తే పుచ్చేవి ఆరేడు. పుచ్చులు తక్కువగా ఉన్నచోట లాభమూ తక్కువే అని కూడా అదే లెక్క చెబుతుంది. ఈ రెండో వాక్యాన్ని క్లినిక్ గోడల మీది పోస్టర్లు చెప్పవు.

తెలివైన తల్లిదండ్రులు వేసే ప్రశ్న ఒకటుంది. లోపల ఇప్పటికే పుచ్చు మొదలై ఉంటే, దాని మీద మూత వేస్తే అది లోలోపల తినేయదా? దంతవైద్యులకూ చాలాకాలం ఇదే భయం. 1970ల్లో రాచెస్టర్‌లోనే స్టాన్లీ హ్యాండెల్‌మన్ ఈ భయాన్ని పరీక్షకు పెట్టాడు. మొదలైన పుచ్చుల మీద సీలెంట్ వేసి, కొంతకాలానికి తెరిచి, లోపలి బ్యాక్టీరియాను లెక్కపెట్టాడు. రెండేళ్ళకు వేల రెట్లు తగ్గిపోయింది. పైనుంచి చక్కెర అందకపోతే అవి పస్తులతో పోతాయి. జార్జియా రాష్ట్రంలో ఎవా మెర్ట్జ్-ఫెయిర్‌హర్స్ట్ బృందం ఇంకో అడుగు ముందుకేసింది. గుంట పడిన పళ్ళలోని కుళ్ళును తొలగించకుండానే పైన గట్టిగా మూసి, పదేళ్ళు గమనించింది. మూత నిలిచినంతకాలం పుచ్చు ముందుకు పోలేదని 1998లో రాసింది. అలాగని పెద్ద గుంట పడ్డ పంటికీ, నొప్పి పుట్టే పంటికీ సీలెంట్ వేయమని కాదు. అక్కడ కథ వేరు. పైపొరలోనే ఉన్న గోధుమరంగు మచ్చను చూసి డ్రిల్లు అందుకోవాల్సిన పని లేదని మాత్రం ఇవి తేల్చాయి.

ఇంకో భయం 1996లో స్పెయిన్ నుంచి వచ్చింది. సీలెంట్ వేసిన గంటలోపు తీసిన లాలాజలంలో బిస్ఫినాల్-ఎ ఉందని గ్రెనడా విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రకటించారు. హార్మోన్లతో తగువు పెట్టుకుంటుందని ప్లాస్టిక్ సీసాల విషయంలో పేరు పడ్డ రసాయనమే అది. తర్వాత వచ్చిన పరీక్షల్లో, కొన్ని రకాల సీలెంట్ల నుంచి అతి తక్కువ మోతాదులో, అదీ వేసిన కొద్ది గంటల పాటే, అది బయటికి వస్తుందని తేలింది. పిల్లలు తిండి డబ్బాల నుంచీ దుకాణం రసీదుల నుంచీ రోజూ తీసుకునేది దీనికన్నా ఎక్కువ అని అమెరికా దంతవైద్యుల సంఘం లెక్కగట్టింది. పూత గట్టిపడ్డాక దాని మీద మిగిలే జిగట పొరను దూదితో తుడిచి, పుక్కిలించి ఉమ్మించేస్తే అందులోనూ చాలా భాగం పోతుంది. ఆ మాత్రం జాగ్రత్త అడిగి చేయించుకోవడంలో తప్పు లేదు.

అన్ని పళ్ళకూ రెజినే కావాలని లేదు. పన్ను సగమే పైకి వచ్చి, వెనక చిగురు దాని మీదికి పొర్లుతూ ఉన్నప్పుడు ఆరబెట్టడం ఎవరి వల్లా కాదు. అలాంటి చోట గ్లాస్ అయనోమర్ పనికొస్తుంది. 1972లో ఇంగ్లండ్‌లో విల్సన్, కెంట్ అనే రసాయన శాస్త్రవేత్తలు తయారుచేసిన సిమెంటు అది. కాస్త తడిని ఓర్చుకుంటుంది, ఎనామెల్‌లోని కాల్షియంతో రసాయనికంగానే బంధం కలుపుకుంటుంది, కొద్దికొద్దిగా ఫ్లోరైడ్ వదులుతుంది. రెజిన్ కన్నా తొందరగా ఊడుతుంది గాని, ఊడినా చీలిక అడుగున కొంత మిగిలి కాపలా కాస్తుంది. 1980ల్లో టాంజానియాలో యో ఫ్రెంకెన్ కరెంటు లేని పల్లెల కోసం రూపొందించిన చేతి పరికరాల చికిత్సకు తర్వాత ప్రాణం పోసిందీ ఈ సిమెంటే. ఫ్లోరోసిస్ మచ్చలున్న పంటితోనూ కొంచెం మొండితనం ఉంటుంది. దాని పైపొర ఆమ్లానికి అంత తేలిగ్గా లొంగదు, చాలామంది దంతవైద్యులు జెల్‌ను ఇంకొంచెం సేపు ఉంచుతారు. నల్గొండ, ప్రకాశం పిల్లలకు సీలెంట్ వేసేవాళ్ళకు ఇది పుస్తకాల్లోని సంగతి కాదు, రోజూ ఎదురయ్యేది.

ఈ మధ్య సీలెంట్‌కు పోటీదారు కూడా పుట్టుకొచ్చింది. సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ అనే ద్రవం. బొట్టు తీసుకుని చీలికల మీద రుద్దితే చాలు, దీపం అక్కర్లేదు, తడి గొడవ తక్కువ. పుచ్చిన చోటును నల్లగా మార్చేస్తుందన్నదొక్కటే దాని మచ్చ. న్యూయార్క్ నగరంలోని ప్రాథమిక పాఠశాలల్లో వేల మంది పిల్లల మీద రెంటినీ పోల్చి చూసిన అధ్యయనం 2024లో ఫలితాలు ప్రకటించింది. నాలుగేళ్ళ పాటు చూస్తే రెండూ దాదాపు సమానం. పైగా ఆ ద్రవాన్ని బడిలోని నర్సు వేసినా ఫలితం తగ్గలేదు. దంతవైద్యుడు అందని ఊళ్ళకు ఇది పెద్ద కబురే.

ఎందుకంటే సీలెంట్ అసలు కష్టం రసాయనంలో లేదు, చేరడంలో ఉంది. 1983లోనే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు నిపుణులను కూర్చోబెట్టి తీర్పు అడిగితే, ఇది భద్రమైనది, బాగా పనిచేస్తుంది, కానీ వాడకం మరీ తక్కువ అని వాళ్ళు తేల్చారు. 2016లో సీడీసీ చూసినా 6 నుంచి 11 ఏళ్ళ అమెరికా పిల్లల్లో నూటికి 60 మందికి సీలెంట్ లేదు. లేనివాళ్ళలో పేదపిల్లలే ఎక్కువ. పుచ్చులెక్కువ ఉన్నదీ వాళ్ళకే. బడికే కుర్చీ, దీపం మోసుకెళ్ళి వేసే పథకాలున్న చోట ఈ తేడా తగ్గుతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో ఆరేళ్ళ పిల్లకు "సీలెంట్స్ వేద్దామా" అని డెంటిస్టే అడుగుతాడు, బీమా కూడా చాలావరకు భరిస్తుంది. అదే పిల్ల మేనత్త కొడుకు ఖమ్మంలోనో కాకినాడలోనో ఉంటే, ఆ మాట వాళ్ళ ఇంట్లో వినిపించే అవకాశం తక్కువ.

మన దేశంలో 2002-03లో భారత దంతవైద్య మండలి చేయించిన జాతీయ సర్వేలో 12 ఏళ్ళ పిల్లల్లో 53.8 శాతానికి పుచ్చుపళ్ళున్నాయి, 15 ఏళ్ళకు 63.1 శాతానికి. ప్రతి జిల్లా కేంద్రంలోనూ వీధికో డెంటల్ బోర్డు కనిపించే కాలం ఇది. కానీ మన దగ్గర డెంటిస్టు దగ్గరికి వెళ్ళేది నొప్పి పుట్టాకే. "నొప్పేం లేదు కదండీ, దేనికి?" అన్న ప్రశ్నకు క్లినిక్కులోనూ గట్టి జవాబు రాదు. సిమెంటు పెట్టడానికీ, రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయడానికీ వచ్చే డబ్బుతో పోలిస్తే సీలెంట్‌తో వచ్చేది చిల్లర. నొప్పి రానివ్వని పనికి గిరాకీ ఉండదు, గిరాకీ లేనిదాన్ని ఎవరూ బల్ల మీద ముందు పెట్టరు. ఇందులో డెంటిస్టు దుర్మార్గం కన్నా అద్దె కట్టాల్సిన క్లినిక్కు లెక్కే ఎక్కువ.

అలాగని నాలుగు పళ్ళకు పూత పూయించి నోరు సురక్షితమైందనుకుంటే పొరపాటే. సీలెంట్ కాపాడేది నమిలే నెత్తినీ, అక్కడి గుంటలనూ మాత్రమే. పంటికీ పంటికీ మధ్య సందులో వచ్చే పుచ్చుకు దానితో సంబంధం లేదు. గరాటులా తెరుచుకున్న లోతులేని చీలికలున్న పిల్లకు, ఇంట్లో తీపి అదుపులో ఉండి పొద్దునా రాత్రీ ఫ్లోరైడ్ పేస్టుతో తోముకునే పిల్లకు అది తప్పనిసరీ కాదు. పాలపళ్ళలో ఇప్పటికే రెండు మూడు పుచ్చిన పిల్లాడికి మాత్రం ఆలస్యం పనికిరాదు. వాడి నోరు ముందే సంకేతం ఇచ్చేసింది. వేశాక కూడా ఆరు నెలలకో ఏడాదికో చూపించుకోవాలి. ఎక్కువగా ఊడేది మొదటి ఏడాదిలోనే, అంచు లేచిన చోట కాస్త పూస్తే సరిపోతుంది.

ఇంట్లోనే చూసుకోవడం ఎలాగంటే, పిల్లాణ్ణి వెలుతురుకు తల వెనక్కి వాల్చమని, ఫోను టార్చి వేసి, కింది దవడ నడిమి నుంచి ఒక పక్కకు పళ్ళు లెక్కపెట్టాలి. ఒకటి, రెండు ముందు పళ్ళు. మూడోది కోరపన్ను. నాలుగు, ఐదు పాల దవడపళ్ళు. వాటి వెనక ఆరోది కనిపించిందంటే అదే, ఆరో ఏట వచ్చే ఆరో పన్ను. దాని వెనక ఏడోది పన్నెండో ఏట వస్తుంది. దానికీ చీలికలుంటాయి, దానికీ సీలెంట్ వేయొచ్చు. ఆ వయసుకు పిల్లలు నోరు తెరిచి చూపించరు, తలుపేసుకుని బ్రష్ చేసుకుంటుంటారు, కాబట్టి దాన్ని పట్టుకోవడం ఇంకాస్త కష్టం.